లింకు పెట్టి వెళ్ళిపోతే ఎవరూ రారు

అందరికీ నమస్కారం. వెనక వరసలో వినపడుతోంది కదా? సరే.

లోపలికి వస్తుంటే చాలామంది ఒకటే అడిగారు. బ్లాగు శ్రద్ధగా రాస్తున్నాం, ఫేస్‌బుక్‌లో పెడుతున్నాం, వాట్సాప్‌లో పంపుతున్నాం, అయినా చదివేవాళ్ళు రావట్లేదు, ఎందుకంటారు అని. దీనికి జవాబు చివరిదాకా దాచుకోను, ఇప్పుడే చెప్పేస్తాను. షేర్ చేయడం అంటే లింకు అతికించి, "కొత్త టపా, చదివి అభిప్రాయం చెప్పండి" అని ఒక ముక్క రాసి బయటికి వచ్చేయడం అని మనకి అలవాటైపోయింది. నలుగురు కూర్చుని మాట్లాడుకుంటుంటే మధ్యలోకి వచ్చి కరపత్రం చేతిలో పెట్టి వెళ్ళిపోయే మనిషిని మనం ఎలా చూస్తాం? ఆ కరపత్రంలో ఎంత మంచి విషయం ఉన్నా మడిచి పక్కన పెడతాం. సోషల్ మీడియాలో మన లింకుకి రోజూ జరుగుతున్నది అదే.

అవతలివాళ్ళ వైపు నుంచి ఆలోచించండి. ఒకాయన పనిలోంచి కాసేపు బయటపడి ఫోన్ తీశాడు. తెలిసినవాళ్ళు ఏం రాశారో, ఎక్కడ ఏం జరుగుతోందో చూద్దామని బొటనవేలితో పైకి తోస్తూ పోతున్నాడు. మన పోస్టు మీద ఆయన చూపు నిలిచేది ఒకటి రెండు సెకన్లు. ఆ కాసేపట్లో మనం ఆయన్ని అడుగుతున్నది ఏమిటి? ఉన్న చోటు వదిలి, తెలియని చోటికి వచ్చి, ఎంతసేపు పడుతుందో తెలియనిది చదవమని. ఆయనకి మన గురించి ఏమీ తెలియదు కదా, ఎందుకు వస్తాడు?

ఇంకో సంగతి కూడా ఉంది. ఆయన లింకు నొక్కి బయటికి వెళ్ళడం సోషల్ మీడియా కంపెనీలకీ ఇష్టం ఉండదు. వాళ్ళకి డబ్బులొచ్చేది ప్రకటనల మీద, ప్రకటనలు కనపడాలంటే మనిషి అక్కడే ఉండాలి. 2018 జనవరిలో ఫేస్‌బుక్ తన న్యూస్‌ఫీడ్ పద్ధతి మార్చి, పేజీలు పెట్టేవాటి కన్నా స్నేహితులు, కుటుంబసభ్యుల మధ్య జరిగే మాటామంతీకి ఎక్కువ చోటిస్తామని బాహాటంగానే చెప్పింది. పేజీల మీద ఆధారపడ్డవాళ్ళ రీచ్, అంటే పోస్టు ఎంతమందికి కనపడుతుందన్న లెక్క, అప్పటికే తగ్గుతూ వస్తోంది, ఆ తర్వాత ఇంకా పడిపోయింది. ట్విట్టర్, అంటే ఇప్పటి ఎక్స్, 2023 అక్టోబర్‌లో లింకుల కింద కనపడే శీర్షికలు తీసేసి ఉత్త బొమ్మ మాత్రమే చూపించింది, తర్వాత మళ్ళీ చిన్న అక్షరాల్లో తెచ్చింది. 2024 చివర్లో దాని యజమాని ఎలాన్ మస్క్ స్వయంగా, అసలు పోస్టులో విషయం రాసి లింకు కింద రిప్లైలో పెట్టుకోండి అన్నాడు. ఇన్‌స్టాగ్రామ్ సంగతి సరేసరి, ఫొటో కింద రాసే వాక్యాల్లో లింకు పెడితే అది నొక్కినా తెరుచుకోదు. ఇవన్నీ చూసి కోపం తెచ్చుకుని లాభం లేదు. అక్కడ నిలబడి చదివించేదే ముందుకు వెళ్తుంది అని తెలుసుకుంటే చాలు.

అందుకే నేను అందరికీ చెప్పేది ఒకటే. బ్లాగు టపాలో ఉన్న అసలు సరుకులో కొంత తీసి అక్కడే, ఆ సోషల్ మీడియా పోస్టులోనే, ఉచితంగా, పూర్తిగా ఇచ్చేయండి. టీజర్లు వద్దు. "ఆ తర్వాత ఏమైందో తెలుసుకోవాలంటే లింకు నొక్కండి" లాంటివి అసలొద్దు, జనం వాటితో విసిగిపోయి ఉన్నారు.

ఒక ఉదాహరణ చూపిస్తాను. మీరు ఆకాశం గురించి బ్లాగు రాస్తారనుకోండి. బైనాక్యులర్స్‌తో గురుగ్రహాన్ని చూడటం గురించి ఒక పెద్ద టపా రాశారు. మామూలుగా మనం పెట్టే పోస్టు ఎలా ఉంటుంది? "గురుగ్రహం గురించి కొన్ని ఆసక్తికరమైన విశేషాలు. నా కొత్త టపా. చదివి ప్రోత్సహించగలరు." ఇందులో చదివేవాడికి దక్కింది ఏమైనా ఉందా? ఏమీ లేదు. పైగా ప్రోత్సహించమని ఒక పని కూడా అప్పజెప్పాం. ఇప్పుడు ఇది వినండి. "ఇంట్లో మామూలు బైనాక్యులర్స్ ఉన్నాయా? వాటితో గురుగ్రహం చుట్టూ తిరిగే నాలుగు పెద్ద చంద్రుల్ని చూడొచ్చు. 1610లో గెలీలియో చూసినవి అవే. గ్రహానికి అటూ ఇటూ దాదాపు ఒకే గీత మీద చిన్న చుక్కల్లా కనిపిస్తాయి. చెయ్యి వణికితే మాత్రం ఏమీ కనపడదు, మోచేతులు గోడ మీదో కారు పైనో ఆనించండి. రేపు ఇదే టైముకి మళ్ళీ చూడండి, చుక్కలు చోటు మారి ఉంటాయి." అంతే, పోస్టు అయిపోయింది. ఆ కింద ఒక్క వాక్యం, "ఆకాశంలో గురుగ్రహాన్ని ఎలా గుర్తుపట్టాలో, బైనాక్యులర్స్ మీద ఉండే 10x50 లాంటి అంకెలకి అర్థమేమిటో బ్లాగులో వివరంగా రాశాను" అని, లింకు.

రెండో పోస్టు చదివినవాడు లింకు నొక్కకపోయినా ఒక కొత్త విషయం పట్టుకెళ్ళాడు. ఆ రాత్రి మేడెక్కి చూశాడనుకోండి, ఆ చుక్కలు నిజంగా కనపడ్డాయనుకోండి, ఇక మీ పేరు ఆయన మర్చిపోడు. తర్వాతి పోస్టు ఎదురైతే ఆగి చదువుతాడు. పక్కవాళ్ళని పిలిచి చూపిస్తాడు కూడా.

ఇక్కడ అందరికీ వచ్చే సందేహం నాకు తెలుసు. సరుకంతా అక్కడే ఇచ్చేస్తే ఇక బ్లాగుకి ఎందుకొస్తారు అని. చూడండి, ఒక చిట్కాతో తృప్తిపడి వెళ్ళిపోయేవాడు ఎలాగూ మన రెండువేల మాటల టపా చదవడు. బలవంతాన లాక్కొచ్చినా పది సెకన్లలో వెనక్కి పోతాడు. మనకి కావలసింది ఆ చిట్కా చదవగానే "ఇంకా ఏముంది?" అనిపించిన మనిషి. ఆయన వస్తాడు, వస్తే చివరిదాకా చదువుతాడు. వెయ్యి క్లిక్కుల కన్నా అలాంటి పాతికమంది మేలని నా గట్టి నమ్మకం. ఒకవేళ టపాలోంచి ఒక ముక్క తీసి చెప్పేస్తే ఇక లోపల ఏమీ మిగలదనిపిస్తే, సరిచూసుకోవాల్సింది పోస్టుని కాదు, టపానే.

సరే, ఇప్పుడు కాస్త సాంకేతికమైన సంగతి ఒకటి. కంగారుపడకండి, కష్టమేం కాదు, కానీ దీని వల్ల పోయే పాఠకులు చాలామంది. లింకు అతికించగానే దాని కింద ఒక బొమ్మ, శీర్షిక, రెండు వరసల వివరం ఉన్న చిన్న పెట్టె వస్తుంది కదా, ప్రివ్యూ. అది ఎక్కడి నుంచి వస్తుంది? 2010లో ఫేస్‌బుక్ ఓపెన్ గ్రాఫ్ అని ఒక పద్ధతి తెచ్చింది. మన పేజీ కోడ్‌లో పైభాగాన ఇది శీర్షిక, ఇది వివరం, ఇది బొమ్మ అని రాసి ఉంటుంది, లింకు పెట్టగానే అవతలి యాప్ వెళ్ళి ఆ వివరాలు చదువుకుని వస్తుంది. ఇప్పుడు వాట్సాప్, టెలిగ్రామ్, లింక్డ్‌ఇన్ అన్నీ ఆ వివరాలే వాడతాయి. బ్లాగులో అవి నింపకపోతే ఏమవుతుంది? బొమ్మ రాదు, లేదా పేజీలో ఎక్కడో ఉన్న సంబంధం లేని బొమ్మ వస్తుంది, వివరం చోట మెనూలోని మాటలు వస్తాయి. బాగా రాసిన టపా కూడా అలా ఉంటే మోసపు లింకులా కనిపిస్తుంది, చదువుదామనుకున్నవాళ్ళు కూడా నొక్కడానికి భయపడతారు.

వర్డ్‌ప్రెస్ మీద నడిచే బ్లాగు అయితే దీనికి ఎస్‌ఈఓ ప్లగిన్లు, అంటే టపాలు సెర్చ్‌లో బాగా కనపడేందుకు అమర్చుకునే చిన్న ప్రోగ్రాములు ఉన్నాయి, వాటిలో సోషల్ అన్న చోట బొమ్మ, వివరం ఇవ్వచ్చు. బొమ్మ 1200 బై 630 పిక్సెళ్ళ కొలతలో ఉంటే ఫేస్‌బుక్‌లో అంచులు తెగకుండా పూర్తిగా కనిపిస్తుంది, కానీ ఫైలు మరీ బరువుగా ఉండకూడదు. ఇంకొకటి, లింకు ఒకసారి పెట్టాక బొమ్మ మారిస్తే ఫేస్‌బుక్ వెంటనే కొత్తది చూపించదు, పాతదాన్ని గుర్తుపెట్టుకుంటుంది. షేరింగ్ డీబగ్గర్ అని వాళ్ళదే ఒక పేజీ ఉంది, అందులో మీ లింకు వేసి మళ్ళీ చదవమని చెప్తే కొత్తది తెచ్చుకుంటుంది. నేనైతే ఏ టపా అయినా బయటికి పంపే ముందు వాట్సాప్‌లో నాకు నేనే పంపుకుని చూసుకుంటాను. శీర్షిక సగంలో తెగిందా, బొమ్మ వచ్చిందా, అన్నీ అక్కడే తేలిపోతాయి.

లింకుల్ని పొట్టిగా చేసే సైట్లు వాడేవాళ్ళకి ఒక మాట. ఎక్స్‌లో లింకు ఎంత పొడుగున్నా 23 అక్షరాల కిందే లెక్క, కాబట్టి పొట్టిగా చేసినందువల్ల చోటేమీ ఆదా కాదు. పైగా ఎక్కడికి వెళ్తుందో తెలియని పొట్టి లింకు చూస్తే జనానికి అనుమానం. మీ సొంత చిరునామా కనపడనివ్వండి.

ఇప్పుడు ఎక్కడ ఏం చేయాలో మాట్లాడుకుందాం, అన్నిటికీ సమానంగా టైం ఇవ్వను, ఎందుకంటే అన్నీ సమానం కావు. అన్నిటికన్నా బాగా పనిచేసేవి గ్రూపులు. ఫేస్‌బుక్ గ్రూపులు కావచ్చు, రెడ్డిట్ కావచ్చు, ఒకే ఆసక్తి ఉన్నవాళ్ళు గుమిగూడిన చోటు ఏదైనా సరే. ఎందుకంటే మీరు రాసే విషయం మీద ఇష్టం ఉన్నవాళ్ళు అక్కడ ముందే ఉన్నారు, వెతుక్కోనక్కర్లేదు. కానీ అక్కడే జనం ఎక్కువగా దెబ్బతింటారు కూడా, చేరిన రోజే లింకు పెట్టి. దయచేసి అలా చేయకండి. కొన్ని వారాలు ఊరికే చదవండి. గ్రూపులో వెతికే పెట్టె ఉంటుంది కదా, మీ విషయానికి సంబంధించిన మాటలు వేసి పాత పోస్టులు చూడండి. ఒకే ప్రశ్న మళ్ళీ మళ్ళీ అడుగుతూ ఉంటారు, పొంతన లేని జవాబులు వస్తూ ఉంటాయి. ఆ ప్రశ్నే మీ తర్వాతి టపా. అది బాగా రాసి పెట్టుకోండి. ఈసారి ఎవరైనా అడిగినప్పుడు కామెంట్లో జవాబు పూర్తిగా ఇవ్వండి, ఆయన లింకు నొక్కకుండానే పని జరిగిపోయేలా. చివర్లో, బొమ్మలతో వివరంగా ఇక్కడ ఉంది అని లింకు ఇవ్వండి. అడిగినవాడికి ఇచ్చారు కాబట్టి అది ప్రచారంలా ఉండదు. ఆ ప్రశ్న వెతుక్కుంటూ వచ్చే మిగతావాళ్ళు కూడా ఆ కామెంట్ దగ్గరికే వస్తారు, నెలల తర్వాత కూడా.

నియమాలు ముందే చదవండి. రెడ్డిట్‌లో ఒక్కో సబ్‌రెడ్డిట్‌కి , అంటే అందులోని ఒక్కో గ్రూపుకి, ఒక్కో నియమావళి, పక్కనే రాసి ఉంటుంది. మీ ఖాతా తెరిచి చూస్తే సొంత సైటు లింకులు తప్ప ఇంకేమీ లేకపోతే స్పామ్ కింద తీసేస్తారు. అనుమానం ఉంటే అడ్మిన్‌కి లేదా రెడ్డిట్‌లో అయితే మోడరేటర్‌కి, అంటే గ్రూపు నడిపేవాళ్ళకి, మెసేజ్ పెట్టి అడగండి, మర్యాదగా అడిగినవాళ్ళకి సాధారణంగా దారి చూపిస్తారు.

వాట్సాప్. ఇక్కడ అందరూ గ్రూపుల్లో పడేయడమే చూస్తున్నాం, దాని వల్ల మొహమాటం తప్ప చదవడం జరగదు. బ్రాడ్‌కాస్ట్ లిస్టు మంచి పద్ధతి. అందులో 256 మందిని పెట్టుకోవచ్చు, మెసేజ్ ఒక్కొక్కరికీ విడిగా వెళ్తుంది, మీ నంబరు సేవ్ చేసుకున్నవాళ్ళకే చేరుతుంది. ఆ షరతు మనకి మేలే చేస్తుంది, మీ రాతలు కావాలనుకున్నవాళ్ళే నంబరు సేవ్ చేసుకుంటారు. ఇంకా పెద్దగా కావాలంటే 2023లో వచ్చిన ఛానెళ్ళు ఉన్నాయి. ఫార్వర్డ్‌ల మీద ఆశ పెట్టుకోకండి. 2019 నుంచి ఒకసారికి ఐదు చాట్లకే ఫార్వర్డ్ చేయగలం, బాగా చేతులు మారిన మెసేజ్ అయితే 2020 నుంచి ఒక్క చాట్‌కే. అది పుకార్లని ఆపడానికి పెట్టిన నియమం, మంచిదే, కానీ మన టపా కూడా దాని కిందికే వస్తుంది.

ఇన్‌స్టాగ్రామ్ బొమ్మలతో చెప్పగలిగేవాళ్ళకి పనికొస్తుంది, టపాలోని నాలుగైదు విషయాల్ని వరసగా స్లైడ్లు చేసి పెట్టండి, బయోలో ఐదు లింకులదాకా పెట్టుకోవచ్చు, స్టోరీలో లింకు స్టిక్కర్ ఉంది, అయితే స్టోరీ 24 గంటల్లో పోతుంది. చేతిపనులు, ఇల్లు సర్దుకోవడం, డ్రాయింగ్ లాంటివి రాసేవాళ్ళు బొమ్మలు వెతుక్కుని దాచుకునే సైటు పింట్రెస్ట్‌ని తక్కువ అంచనా వేయకండి, అక్కడ పెట్టిన బొమ్మ నెలల తర్వాత కూడా వెతుకులాటలో తగిలి మనుషుల్ని తెస్తుంది. ఉద్యోగం, వృత్తి విషయాలైతే లింక్డ్‌ఇన్. అంతే, అన్ని చోట్లా ఉండాలనే టెన్షన్ పెట్టుకోకండి, ఒకటి, మహా అయితే రెండు.

ట్యాగుల గురించి చెప్పాలి. ముప్ఫై నలభై మందిని ట్యాగ్ చేసి పోస్టు పెట్టడం చూస్తూనే ఉన్నాం. వాళ్ళు మీ మీద గౌరవంతో ఏమీ అనరు, నిశ్శబ్దంగా మిమ్మల్ని 30 రోజులు స్నూజ్ చేసేస్తారు, అంటే మీ పోస్టులు కనపడకుండా చేసుకుంటారు, లేదా అన్‌ఫాలో చేస్తారు, మీకు తెలియదు కూడా. టపాలో ఎవరి పని గురించైనా రాస్తే వాళ్ళని ట్యాగ్ చేయండి, అది న్యాయం. కామెంట్లకి మాత్రం తప్పకుండా జవాబివ్వండి, ముఖ్యంగా పోస్టు పెట్టిన మొదటి గంటా రెండు గంటల్లో అందుబాటులో ఉండండి. ఎవరూ కామెంట్ పెట్టలేదని నీరసపడకండి. వెబ్‌సైట్ల వాడకం మీద పరిశోధన చేసే జేకబ్ నీల్సన్ 2006లో రాసిన ఒక లెక్క ఉంది, ఆన్‌లైన్ సమూహాల్లో సుమారు 90 శాతం మంది ఊరికే చదువుతారు, 9 శాతం అప్పుడప్పుడు మాట్లాడతారు, ఒక్క శాతం మందే ఎక్కువగా రాస్తారు అని. మీ రాత చదివి మాట్లాడకుండా వెళ్ళినవాళ్ళు చాలామంది ఉంటారు.

మరి వచ్చినవాళ్ళు వచ్చాక ఏమవుతోంది? దీని గురించి ఎవరూ ఆలోచించరు. ఫేస్‌బుక్‌లోంచి వచ్చినవాడు ఫోన్‌లో, ఆ యాప్ లోపలి బ్రౌజర్‌లోనే మీ పేజీ తెరుస్తాడు. తెరుచుకునేసరికి పైన పెద్ద బ్యానర్, మధ్యలో సబ్‌స్క్రైబ్ చేయండి అని అడ్డొచ్చే పెట్టె, దాన్ని మూసే గుర్తు వేలికి అందదు. ఒక్క వాక్యం కూడా చదవకముందే చందా అడిగితే ఎలా? ఆ పెట్టె తీసేయండి. అడగాల్సింది టపా చివర్లో, చదివి సంతోషపడ్డాక. అక్కడే ఆ విషయానికి దగ్గరగా ఉన్న మీ పాత టపా ఒకటో రెండో చూపించండి, మీరే ఎంచి, ఎందుకు చదవాలో ఒక వాక్యం రాసి.

ఏది పనిచేస్తోందో తెలియాలంటే లెక్క చూడాలి. అయితే ఆ లెక్కలో ఒక చిక్కు ఉంది, 2012లో అలెక్సిస్ మాడ్రిగల్ అనే పాత్రికేయుడు దానికి డార్క్ సోషల్ అని పేరు పెట్టాడు. మనుషులు మెసేజుల్లో, ఈమెయిళ్ళలో పంపుకునే లింకుల మీద వచ్చేవాళ్ళు ఎక్కడి నుంచి వచ్చారో మన లెక్కల్లో కనపడదు, నేరుగా వచ్చినట్టు చూపిస్తుంది. అందుకే వాట్సాప్ నుంచి ఏమీ రావట్లేదని చాలామంది తొందరపడి మానేస్తారు. లింకు చివర యూటీఎం సోర్స్, యూటీఎం మీడియం, యూటీఎం క్యాంపెయిన్ అనే, ఎక్కడి నుంచి వచ్చారో చెప్పే ముక్కలు కలిపి పంపితే, సైటుకి వచ్చేవాళ్ళని లెక్కపెట్టే గూగుల్ అనలిటిక్స్‌లో విడివిడిగా కనిపిస్తాయి, వాటిని తయారుచేసే ఉచిత పేజీ గూగుల్‌దే ఉంది. అక్కడ క్లిక్కుల సంఖ్య చూసి మురిసిపోకండి. ఎంతసేపు ఉన్నారు, రెండో టపాకి వెళ్ళారా, మళ్ళీ వచ్చారా, ఇవి చూడండి.

మళ్ళీ రావడం అన్నాను కదా, దానికే ఈమెయిల్ లిస్టు మొదలుపెట్టమని బతిమాలుతున్నాను. ఒకప్పటి సోషల్ మీడియా సైటు ఆర్కుట్ 2014లో మూతపడింది. బ్లాగులన్నీ ఒకే చోట చదువుకునే గూగుల్ రీడర్ 2013లో, ఇంకో సోషల్ సైటు గూగుల్ ప్లస్ 2019లో మూతపడ్డాయి. వాటి మీద ఏళ్ళ తరబడి కూడబెట్టుకున్న పాఠకులు ఒక్క ప్రకటనతో చెదిరిపోయారు, ఎందరో మంచి రాతగాళ్ళు ఆ దెబ్బకి రాయడమే మానేశారు, అది తలుచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది. ఈమెయిల్ చిరునామాల జాబితా ఎవరి అల్గారిథమ్ చేతిలోనూ ఉండదు. బ్లాగుకి ఆర్‌ఎస్‌ఎస్ ఫీడ్, అంటే కొత్త టపాలు వాటంతట అవే పాఠకుడికి చేరే ఏర్పాటు, కూడా తెరిచి ఉంచండి, దాన్ని వాడేవాళ్ళు తక్కువే కానీ వాళ్ళు ఒక్క టపా వదలరు.

ప్రశ్నలుంటే అడగండి.

(సభ నుంచి: పాత టపాలు మళ్ళీ షేర్ చేస్తే బాగుంటుందా?)

తప్పకుండా చేయండి. మీరు పెట్టిన రోజు మీ ఫాలోవర్లలో చాలామందికి అది కనపడనే లేదు. కాకపోతే అదే మాటలతో పెట్టొద్దు, అదే టపాలోంచి ఇంకో ముక్క తీయండి. ఇందాకటి టపాలోంచే ఈసారి 10x50లో 10 అంటే ఎన్ని రెట్లు పెద్దగా కనిపిస్తుందో, 50 అంటే ముందున్న అద్దం వెడల్పు మిల్లీమీటర్లలో అని, ఆ ఒక్కటే చెప్పండి.

(సభ నుంచి: డబ్బులిచ్చి బూస్ట్ చేయమంటారా?)

ముందే వద్దు. డబ్బులివ్వకుండా పెట్టినప్పుడు జనం ఆగి చదివి, లింకు నొక్కి, టపాలో నిలిచిన పోస్టు ఏదైనా ఉంటే, దాన్ని కొంచెం డబ్బుతో ఇంకాస్త మందికి చూపించండి, అదీ ఆ విషయం మీద ఆసక్తి ఉన్నవాళ్ళని ఎంచుకుని. లైకుల కోసం చేసే బూస్ట్ వద్దు, బూస్ట్ పెట్టేటప్పుడు సైటుకి మనుషుల్ని తెచ్చే లక్ష్యం ఉంటుంది, అది ఎంచుకోండి. ఎవరూ పట్టించుకోని పోస్టుకి డబ్బులు పెట్టి లాభం లేదు, ఎక్కువమంది దాన్ని దాటేసి పోతారు, అంతే.

(సభ నుంచి: నాకు వారానికి ఒక గంటే దొరుకుతుంది, ఏం చేయాలి?)

ఒక గ్రూపు ఎంచుకోండి. ఆ గంటలో సగం అక్కడ ఇద్దరు ముగ్గురి ప్రశ్నలకి శ్రద్ధగా జవాబులు రాయండి, లింకు లేకుండానే. మిగతా సగంలో మీ టపాల్లోంచి ఒక ముక్క తీసి, ఇందాక చెప్పినట్టు పూర్తి పోస్టుగా రాయండి. ఈ వారం అది చేసి చూడండి, ఎవరు ఏం అడిగారో రాసిపెట్టుకోండి, వచ్చే వారం టపా అందులోంచే వస్తుంది.